గాజు గ్లాసు బండెక్కితే



పెళ్ళిళ్ళ కాలంలో పొద్దున్నే మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర కాసేపు నిలబడి చూడండి. టెంట్ హౌస్ బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా జాతీయ రహదారికి అటూ ఇటూ ఫంక్షన్ హాళ్ళు. శామీర్‌పేట వైపు తిరిగితే రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు, తోటలు. కుర్చీలు, షామియానా గుడ్డలు, గంజులు, గరిటెలతో పాటు వందల కొద్దీ పింగాణి ప్లేట్లు, గాజు గ్లాసులు, ఐస్‌క్రీం కప్పులు రాత్రి ఒక హాల్లో వడ్డన ముగించుకొని తెల్లారేసరికి ఇంకో హాలుకు బయల్దేరతాయి. మన ఇంట్లో అద్దాల అలమారలో కదలకుండా కూర్చున్న టీ సెట్టే పండగ పండక్కీ దుమ్ము దులిపేటప్పుడు ఒక్కో కప్పు తగ్గిపోతుంటుంది. వాళ్ళ సామాను మాత్రం ఏళ్ళ తరబడి రోడ్డు మీదే ఉండి కూడా చాలావరకు నిలుస్తోంది. ఇంటిల్లిపాదీ బండి కట్టుకొని నాలుగు రోజులు ఊళ్ళు తిరగడానికి పోయేటప్పుడు గాజు, పింగాణి సామానును ఎట్లా సర్దుకోవాలి, బండిలో ఎక్కడ పెట్టుకోవాలి అన్నది ఇవాళ్టి మాట. అది నేర్చుకోవాలంటే నా లెక్కన వీళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

క్యారవాన్ అనగానే మనకు సినిమా హీరోలు షాట్‌కూ షాట్‌కూ మధ్య సేదతీరే పెద్ద బండి గుర్తొస్తుంది. మంచం, వంటగది, సింకు, చిన్న ఫ్రిజ్ ఉన్న అటువంటి బండ్లలో సంసారంతో సహా ఊళ్ళు తిరగడం పడమటి దేశాల్లో మామూలు. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ టూరిజం అని ఒక పథకమే ప్రకటించింది. మన దగ్గర అటువంటి బండిని అద్దెకు తీసుకునేవాళ్ళు ఇంకా తక్కువే. కానీ బండినే ఇల్లు చేసుకొని తిరగడం మనకు కొత్తేమీ కాదు. మేడారం జాతర చూడండి. రెండేళ్ళకోసారి, 2024లో అయితే ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. డీసీఎం వ్యాను మాట్లాడుకొని, బియ్యం, పప్పు, కట్టెలు, గంజులు, చాపలు, ముసలీముతకా, చంటిపిల్లలు అందరినీ ఎక్కించుకొని పోయి, అక్కడ చెట్ల కింద వండుకు తిని, బండిలోనే పడుకొని వచ్చే కుటుంబాలు ఎన్ని లేవు! వేములవాడకు, కొండగట్టుకు రాజీవ్ రహదారి పట్టుకొని పోయే టెంపో ట్రావెలర్లు శామీర్‌పేట చెరువు పక్కనుంచే పోతాయి. బాసర పోవాలంటే మేడ్చల్ మీదుగా పోవాలి. ఈ బండ్ల డిక్కీలో ఎప్పుడూ ఒక వంటిల్లు ఉంటుంది.

ఇంకా వెనక్కి పోతే, 1830 మే 18న మద్రాసులో బయల్దేరిన యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా నాగపూరు దారి పట్టి కాశీకి పోయాడు. ఆ దారి మన మేడ్చల్ దారే. పల్లకీలు, బోయీలు, వంటవాళ్ళు, పెద్ద పరివారం. మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఆ కాలపు యాత్రికుల వంట సామానంటే ఇత్తడి, రాగి. కింద పడితే సొట్ట పడుతుంది, అంతే. కంచు ఒక్కటే కాస్త పెళుసు, గట్టిగా పడితే బీట వారుతుంది. అందుకే పెద్దవాళ్ళు కంచు గిన్నెను ఇత్తడి గిన్నెలాగా గిరాటెయ్యనిచ్చేవాళ్ళు కాదు.

మరి స్టీలు సామాను పట్టుకుపోతే పోయేదానికి ఈ గాజు గొడవెందుకని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేడారానికి స్టీలే పట్టుకుపొండి, నేనూ అదే చెప్తాను. అంత జనంలో, అడవిలో, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళ మధ్య గాజు పెంకు చాలా ప్రమాదం. కానీ నాలుగైదు రోజులు బండిలోనే కాపురం చేసేటప్పుడు, పెద్దాయనకు స్టీలు గ్లాసులో టీ పోస్తే పెదవి కాలుతుంది. నిమ్మకాయ పచ్చడి, పెరుగు, చింతపండు పులుసు గాజులో, పింగాణిలో ఎంతసేపున్నా పాత్ర వల్ల రుచి మారదు. ఆ పైన, వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం. నిషేధం సంగతి అట్లా ఉంచినా, శామీర్‌పేట చెరువు కట్ట పక్కన ఆదివారం సాయంత్రం ఎగిరే కవర్లు, గ్లాసులు చూసినవాళ్ళకు మళ్ళీ వాటిని కొనబుద్ధి కాదు. కాబట్టి గాజు తీసుకుపోవచ్చు. కాకపోతే తక్కువ తీసుకుపోవాలి. మనిషికో ప్లేటు, మనిషికో కప్పు. చుట్టాలొస్తే అని అదనంగా పెట్టే అరడజనే ముందు పగిలేది, ఎందుకంటే దాన్ని సర్దడానికి చోటుండదు, ఎక్కడో ఒకచోట ఇరికిస్తాం.

మేడ్చల్‌లో ఒక టెంట్ హౌస్ గోదాములో సామాను సర్దుతున్న కుర్రవాణ్ణి కొంతసేపు చూశాను. పెద్ద ప్లాస్టిక్ క్రేట్ తీసుకున్నాడు. అడుగున పాత లారీ ట్యూబు కోసి పరిచిన రబ్బరు ముక్క. దాని మీద ప్లేట్లను మనలాగా ఒకదాని మీద ఒకటి బోర్లించలేదు. అంచు మీద నిలబెట్టాడు, గ్రంథాలయంలో పుస్తకాల వరసలాగా. రెండు ప్లేట్లకు మధ్య పాత చీర మడత వచ్చేట్టు చీరను అటూ ఇటూ తిప్పుకుంటూ పోయాడు. అంటే ఒక్కో ప్లేటుకు ఒక్కో గుడ్డ కాదు, ఒకే చీర పాములాగా మెలికలు తిరుగుతూ వరసంతా చుట్టేసింది. చివర నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలింది. ఇంకో రెండు ప్లేట్లు పడతాయి కదా అనుకున్నాను. అతను పెట్టలేదు. చిరిగిన షామియానా ముక్కను ఉండ చుట్టి ఆ సందులో గట్టిగా కుక్కాడు. తర్వాత క్రేటును రెండు చేతులా పట్టుకొని కుదిపి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"గట్ల ఊపుతున్నవేంది, పగిలిపోవా?" అన్నాను.

"జర మీరే ఊపి సూడున్రి అమ్మా. సప్పుడొస్తున్నదా? సప్పుడొచ్చిందంటే రోడ్డెక్కకముందే పగిలినట్టు. రాలేదంటే కరీంనగర్ దాక పోయినా ఏం గాదు."

నేను చెప్పదలచుకున్నదంతా ఆ కుర్రవాడు రెండు ముక్కల్లో చెప్పేశాడు. రోడ్డు బాగాలేక గాజు పగిలిందంటాం గానీ, ఎక్కువసార్లు పగిలేది పెట్టెలో ఉన్న ఖాళీ వల్ల. బండి ఎగిరినప్పుడు గ్లాసు ఎగరడానికి చోటుంటే అది లేచి పక్క గ్లాసును కొడుతుంది. వందసార్లు మెల్లగా కొట్టినా చాలు, అంచున కంటికి కనపడని గీత పడుతుంది. నూట ఒకటోసారి మామూలు తాకిడికే విడిపోతుంది. కాబట్టి రెండు షరతులు: ఏదీ కదలకూడదు, గాజు గాజును ముట్టుకోకూడదు. మెత్తటి దూది ఎంత పరిచినా ఖాళీ వదిలితే లాభం లేదు. ఖాళీ లేకుండా నింపితే పాత గోనె గుడ్డ చాలు.

ప్లేట్లను ఎందుకు నిలబెట్టాలో కూడా చెప్పాలి. పడుకోబెట్టి పేరిస్తే అట్టడుగు ప్లేటు మీద పై వాటన్నిటి బరువూ పడుతుంది. బండి గుంతలో పడి లేచినప్పుడు ఆ బరువు ఒక్క క్షణం రెండింతలో మూడింతలో అవుతుంది. నిలబెడితే ఎవరి బరువు వాళ్ళదే. గ్లాసులను పడుకోబెట్టకూడదు, వాటి మీద ఏమీ పెట్టకూడదు. ఒకదాంట్లో ఒకటి దూర్చడం అసలే వద్దు. కుదుపుకు కిందిది, పైది బిగుసుకుపోతాయి, లాగబోతే చేతిలోనే విరుగుతాయి. ఒకవేళ ఎక్కడైనా అట్లా బిగుసుకుపోతే లాగకండి. పై గ్లాసులో చల్లని నీళ్ళు పోసి, కింది గ్లాసును గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. లోపలిది కాస్త ముడుచుకొని, బయటిది కాస్త వ్యాకోచించి, దానంతటదే వదులుతుంది. వేడి నీళ్ళు కాదు, గోరువెచ్చనివి. కప్పులను పిడులు లోపలి వైపు, మూలల వైపు వచ్చేట్టు పెట్టుకోవాలి. కప్పుల్లో ముందు పోయేది పిడే.

ఈ విద్య మన దగ్గర పాతదే. గాజులమ్మే ఆడవాళ్ళు పూర్వం ఊరూరూ కాలినడకన తిరిగేవాళ్ళు. వాళ్ళ భుజాన వేలాడే గాజుల మలారం మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వందల గాజులు, అన్నీ పగిలేవే. కానీ డజన్లు డజన్లుగా దారానికి గుచ్చి, సందు లేకుండా బిగించి, మొత్తం మూటను గుడ్డతో చుట్టేవాళ్ళు. విడిగాజు ఒక్కటి చేతి సంచిలో వేసుకుంటే ఇల్లు చేరదు. మలారంలో ఉన్నది పది ఊళ్ళు తిరుగుతుంది. అక్కడ గాజు గాజును ముట్టుకుంటుంది కదా అని తెలివైన శ్రోత ఎవరైనా అడగవచ్చు. ముట్టుకుంటుంది, కానీ బిగింపు వల్ల విడిపోయి మళ్ళీ కొట్టుకోదు. ముట్టుకోవడం కాదు, కొట్టుకోవడమే అసలు ప్రమాదం. అంత బిగింపు మనకు చేతకాదు కాబట్టి మధ్యలో గుడ్డ వేసుకోమంటున్నాను.

ఇక పెట్టెల సంగతి. గళ్ళ పెట్టెలు బయట కొనబోతే ఖరీదే. చవగ్గా దొరికే చోటొకటుంది. చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు: వైన్ షాపు. ఫుల్ బాటిళ్ళు వచ్చే అట్టపెట్టెలో 12 గళ్ళుంటాయి. పెద్ద గ్లాసులకు, జ్యూసు సీసాలకు సరిగ్గా సరిపోతాయి. సగం సీసాల పెట్టెలో 24 గళ్ళు, టీ గ్లాసులకు బాగుంటాయి. గట్టి అట్ట, గాజును మోసి వచ్చిన అట్ట. మా కాలనీలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు ఇల్లు మారేటప్పుడు ఆ పెట్టెలు తెప్పించుకుంటే వీధి వీధంతా చూసి నవ్వుకున్నారు. ఆయన గ్లాసులన్నీ క్షేమంగా చేరాయి. పరువు పోతుందనుకునేవాళ్ళు పెట్టె మీద పాత క్యాలెండర్ కాగితం అతికించుకోవచ్చు.

ఇదే గళ్ళ పద్ధతి ఎంత పెద్ద పనికి వాడతారో మన శామీర్‌పేటలోనే చూడవచ్చు. ఊరు దాటి తుర్కపల్లి వైపు పోతే బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ. 1999లో మొదలైంది. టీకాలు తయారుచేసే భారత్ బయోటెక్ అక్కడే. 2021 జనవరిలో అత్యవసర వాడకానికి అనుమతి పొందిన కోవిడ్ టీకా కోవాగ్జిన్ అక్కడిదే. ఆ టీకా అంతా వేలెడంత గాజు సీసాల్లో బయల్దేరింది. ఒక్క సీసా పగిలితే పదిమందికి వేసే మందు మట్టిపాలు. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచుకుంటూ, లారీల్లో, విమానాల్లో, చివరికి ఆశా కార్యకర్తలు, నర్సులు మోసే చిన్న పెట్టెల్లో, ఎక్కడో గుట్టల మీది గూడేనికి కూడా చేరింది. ఆ ప్రయాణం మొదటి కిలోమీటర్లు మనం రోజూ తిట్టుకునే ఈ రోడ్ల మీదే నడిచాయి. సీసా పక్క సీసాను కొట్టకుండా సర్దుకుంటే రోడ్డు అంత పెద్ద అడ్డంకి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అట్లాగని రోడ్డును పూర్తిగా వదిలెయ్యడానికీ లేదు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ అవుటర్ రింగ్ రోడ్డు మీద దిగే చోట్లున్నాయి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద స్పీడు బ్రేకర్ల బాధ లేదు. కానీ రెండు చక్రాలవీ మూడు చక్రాలవీ అక్కడికి రానివ్వరు. ట్రాలీ ఆటోలో సామాను వేసుకున్నవాళ్ళు కింద సర్వీసు రోడ్డు మీదో, ఊళ్ళ మీదుగానో పోవాలి. ఊళ్ళల్లో ఎవరి ఇంటి ముందు వాళ్ళు మట్టి పోసి, రాయి పెట్టి కట్టుకున్న బ్రేకర్లుంటాయే, అవీ గాజుకు యముళ్ళు. గాజు సామానుంటే నాలుగు చక్రాల బండే మాట్లాడుకోండి. ఇంకో సంగతి, చాలామంది తిరగేసి అనుకునేది: ఖాళీ ట్రాలీ కన్నా తగినంత బరువున్న ట్రాలీ తక్కువ ఎగురుతుంది. కమాను పట్టీలు బరువు మోయడానికి చేసినవి. బరువు లేకపోతే అవి బిర్రుగా ఉండి, ప్రతి గుంతనూ సామానుకు అందిస్తాయి. నాలుగు గాజు పెట్టెలే ఉన్నాయని వాటికోసం విడిగా ఒక ఖాళీ బండి పంపడం అంత తెలివైన పని కాదు.

బండిలో ఎక్కడ పెట్టాలి? ఆర్టీసీ బస్సులో ఆఖరి సీటులో కూర్చున్నవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. వెనక ఇరుసు దాటి ఉన్న భాగం ఎక్కువ ఎగురుతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ ఉన్న భాగం తక్కువ ఎగురుతుంది. మనమేమో గాజు పెట్టెను డిక్కీలో అన్నిటికంటే వెనక, తలుపుకు ఆనించి పెడతాం, తియ్యడానికి వీలుగా ఉంటుందని. దాన్ని ముందుకు జరిపి, సీట్ల కింద నేల మీద పెట్టండి. వెనక భాగం దుప్పట్లకు, బట్టల సంచులకు వదిలెయ్యండి. నిజమైన క్యారవాన్ అయితే వంటగది అలమారలో బరువైనవి కింది అరల్లో, తేలికవి పై అరల్లో. తలుపులకు గడియలుండాలి. అయస్కాంతం పట్టీ ఒక్కటే ఉంటే మొదటి మలుపులోనే తెరుచుకుంటాయి. అరలో జారకుండా పరిచే రబ్బరు జాలీ చాపలు అమ్ముతారు, చవకే. అవి లేకపోతే తడిపి పిండిన తువ్వాలు పరిచినా ప్లేటు జారదు. ఎండిపోతుంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ తడుపుకోవాలి.

సీటు మీద, పిల్లల తలల పైనున్న అరలో మాత్రం గాజు, జాడీ, కత్తిపీట ఏదీ పెట్టొద్దు. ఇది గ్లాసు క్షేమం కోసం కాదు, మన క్షేమం కోసం. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఏ గేదో అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, జాడీ ఆగదు. ఒడిలో పెట్టుకుంటే భద్రం అని కొందరు అత్తగార్లు జాడీని చంటిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుంటారు. ఆ క్షణంలో నాలుగు కిలోల జాడీని ఏ చేతులూ ఆపలేవు.

జాడీ మాటొచ్చింది కాబట్టి ఆవకాయ సంగతి కూడా చెప్పేస్తాను. జాడీని ఇంట్లోనే వదిలేసి, నాలుగు రోజులకు సరిపడా పచ్చడి చిన్న వెడల్పు మూతి సీసాలోకి తీసుకోండి. జాడీకి ఇంట్లో వాసెన కట్టినట్టే సీసా మూతికీ పల్చటి గుడ్డ వేసి, దాని మీద మూత బిగించి, ఆ సీసాను స్టీలు డబ్బాలో నిలబెట్టండి. నూనె కారినా డబ్బాలోనే ఉంటుంది. కొందరు గాజు సీసాలను బియ్యం డబ్బాలో పాతిపెడతారు. బియ్యం అన్ని సందుల్లోనూ నిండుతాయి కాబట్టి సూత్రం సరైనదే. కానీ కర్మం చాలక అది పగిలిందంటే బియ్యమూ పోతాయి. గాజు పెంకులు ఏరి వండుకుందామనే సాహసం ఎవరూ చెయ్యకూడదు. బియ్యం బదులు తువ్వాళ్ళు, పిల్లల మేజోళ్ళు వాడుకోండి. ఒక మేజోడులో ఒక గ్లాసు చక్కగా పడుతుంది, ఎట్లాగూ మేజోళ్ళు తీసుకుపోతాం. వార్తాపత్రికలు కూడా వాడవచ్చు గానీ సిరా అంటుతుంది, తడి తగిలితే ప్లేటుకు అతుక్కుంటాయి. లోపల గుడ్డ, బయట పేపరు అయితే ఇబ్బంది లేదు.

అన్ని గాజులూ ఒకటి కావు. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోయొచ్చే తల్లిదండ్రులు 23 కిలోల సూట్‌కేసులో చీరల మడతల మధ్య కొరెల్ ప్లేట్లు పెట్టుకొని తెచ్చుకోవడం మనందరికీ తెలిసిందే. అక్కడ మన పిల్లలు వేసవి సెలవుల్లో ఆర్‌వీ అనే క్యారవాన్ బండ్లు అద్దెకు తీసుకొని, రైస్ కుక్కర్, పప్పు, గోంగూర సీసా వేసుకొని ఎల్లోస్టోన్ పార్కుకు పోయేటప్పుడు కూడా ఎక్కువగా అవే పట్టుకుపోతారు. 1970లో కార్నింగ్ కంపెనీ తెచ్చిన రకం అది. మూడు పొరల గాజు. పల్చగా, తేలికగా ఉంటుంది. తక్కువ చోటులో ఎక్కువ ప్లేట్లు పడతాయి. లోపలి పొర బయటి పొరలను గట్టిగా నొక్కిపెట్టి ఉంచడమే దాని బలం. గట్టిపరిచిన గాజుల్లో చాలావాటిది ఇదే సూత్రం. అయితే ఆ నొక్కుడు ఎక్కడైనా లోతైన గీతతో తెగిందంటే మామూలు గాజులాగా రెండు ముక్కలవదు, ఒక్కసారిగా పేలినట్టు చిట్లి నలుమూలలా పడుతుంది. అందుకే "ఇది పగలదు" అని దాన్ని విడిగా వెయ్యకూడదు. అంచులు కాపాడుకోవాలి. అంచున పెచ్చు లేచిన ప్లేటును ప్రయాణానికి తియ్యకండి.

వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది, అదీ ప్రయాణాలతోనే ముడిపడింది. అమెరికా రైల్వే సిగ్నల్ లాంతర్ల అద్దాలు లోపల మంట వేడికీ బయట వానా మంచుకూ మధ్య పగిలిపోతుంటే, వేడికి తక్కువ వ్యాకోచించే గాజును కార్నింగ్ వాళ్ళు తయారుచేశారు. ఆ కంపెనీలో పనిచేసే జెస్సీ లిటిల్టన్ అనే శాస్త్రవేత్త భార్య బెస్సీ, వంట పాత్ర పగిలిపోయిందని, మీ గట్టి గాజేదో ఒకటి తెచ్చిపెట్టమని ఆయన్ని అడిగింది. ఆయన బ్యాటరీ జాడీల అడుగు భాగాలు కోయించి తెచ్చాడు. 1913లో ఆమె అందులో కేకు కాల్చింది. చక్కగా ఉడికింది, గాజు పగల్లేదు. రెండేళ్ళకు, 1915లో, పైరెక్స్ వంట సామాను బజారుకొచ్చింది. ఇంటావిడ పోరు పడలేక తెచ్చిన బ్యాటరీ జాడీ ముక్క అంత దూరం పోయింది. ఈ గాజు వేడికి వ్యాకోచించేది మామూలు గాజు వ్యాకోచంలో మూడో వంతు మాత్రమే.

ఇదంతా మనకెందుకంటే, మన ఎండల వల్ల. ఏప్రిల్, మే నెలల్లో బండిని నీడ లేని చోట ఆపి దర్శనానికి పోయొస్తే, లోపల సామాను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అట్లా వేడెక్కిన మామూలు గాజు గ్లాసులో ఐస్ పెట్టెలోంచి తీసిన చల్లటి నీళ్ళు పోస్తే ఠప్పున బీట వారుతుంది. దిష్టి తగిలిందంటారు. దిష్టి కాదు, లోపలి వైపు ముడుచుకుంది, బయటి వైపు ముడుచుకోలేదు. గ్లాసును పది నిమిషాలు నీడలో ఉంచి పోసుకోండి. టీ కోసమైతే బోరోసిలికేట్ కప్పులే మేలు. మెలమైన్ ప్లేట్లు పగలవు, పిల్లలకు మంచివే. కానీ పొయ్యి మీది నూనె సరుకు నేరుగా వాటిలో దించకండి, వేడి చెయ్యడానికి వాడకండి.

ఒక చిన్న మాట టెంట్ హౌస్ యజమానుల తరఫున. సామాను ఎక్కువగా పగిలేది వచ్చేటప్పుడట. పోయేటప్పుడు అందరూ ఓపికగా సర్దుతారు. తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి దాటుతుంది, అందరికీ నిద్ర ముంచుకొస్తుంటుంది, ప్లేట్లు ఎంగిలితో జిడ్డుగా ఉంటాయి, సందుల్లో కుక్కిన గుడ్డలు ఎవరో చెయ్యి తుడుచుకోవడానికి వాడేసి ఉంటారు. అందినదాన్ని అందినట్టు క్రేటులో వేస్తారు. వాళ్ళకైతే పొద్దున లెక్క చూసి, తగ్గిన గ్లాసు డబ్బు అడ్వాన్సులో కోసుకునే పద్ధతి ఉంది. మనకు ఆ అడ్వాన్సూ లేదు. అందుకని గుడ్డలన్నీ ఒక సంచిలో వేసి, ఆ సంచిని గాజు పెట్టె పిడికే కట్టేసుకోండి. కడిగి, తుడిచి, ఆరబెట్టిన తర్వాతే సర్దండి. జిడ్డు ప్లేటు గుడ్డ మడతలోంచి జారుతుంది. కడగడానికి ఓపిక లేకపోతే కనీసం కాగితంతో తుడిచి సర్దండి, ఇంటికొచ్చి కడుక్కోవచ్చు. సర్దాక ఆ కుర్రవాడి పద్ధతిలోనే ఒకసారి ఊపి, వినండి.

ఇంత చేసినా ఒకటో రెండో పోవచ్చు. పోతే చెరువు కట్ట పక్కనో, తోటలో చెట్టు మొదట్లోనో పడేసి రాకండి. అక్కడ మేకలు, బర్రెలు మేస్తాయి, పిల్లలు వట్టి కాళ్ళతో తిరుగుతారు. పెంకులను నాలుగు మడతల పేపర్లో చుట్టి, టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో "గాజు" అని రాసి ఇంటికి తెచ్చుకోండి. చెత్త బండి వచ్చినప్పుడు మిగతా చెత్తలో కలపకుండా చేతికిచ్చి, ఇందులో గాజుందని నోటితో కూడా చెప్పండి. వాళ్ళు చాలాసార్లు వట్టి చేతులతోనే ఏరుతుంటారు.